ఆరడుగుల పక్క, ఆ పక్కన రిత్సు

మా ఊళ్ళో అందరూ నేను జపాన్‌లో నర్సుననే అనుకుంటారు. కాదు, ఇక్కడ నేను కైగో వర్కర్ని. జీఎన్ఎం చేసి భీమవరంలో ఒక నర్సింగ్ హోమ్‌లో నాలుగేళ్ళు పనిచేశా, ఇంజక్షన్లూ సక్షన్లూ డ్రెస్సింగులూ అన్నీ చేసిన చేతులే ఇవి, ఇక్కడికొచ్చాక మాత్రం ముసలివాళ్ళకి స్నానం చేయించడం, తినిపించడం, డైపర్ మార్చడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టడం, ఇదే పని. ఎవరికైనా గొంతులో కఫం గురగురలాడుతుంటే నేను సక్షన్ మెషిన్ ముట్టుకోకూడదు, దానికి ఇక్కడ వేరే ట్రైనింగూ సర్టిఫికెట్టూ ఉండాలి, పరిగెత్తుకెళ్ళి నర్సుని పిలవాలి. మొదట్లో తెగ ఉక్రోషం వచ్చేది. ఇప్పుడు అలవాటైపోయింది, పూర్తిగా కాదులెండి.

ఉండేది మత్సుయామాలో. షికోకు దీవిలో ఎహిమే రాష్ట్రానికి ముఖ్యపట్టణం, కొండమీద కోట, రోడ్లమీద ట్రాములు, దోగో వేడినీటి బుగ్గ, ఎటు చూసినా కమలాపళ్ళు. ఇక్కడి ముసలివాళ్ళ భాష నా ఎన్‌ఫోర్ (జపనీస్ భాషా పరీక్షలో ఒక స్థాయి) పుస్తకంలో లేదు, ప్రతి మాట చివరా "కెన్" అని తగిలిస్తారు, థాంక్స్ చెప్పడానికి "దాన్ దాన్" అంటారు. ఈ ఊరికి ఇంకో పిచ్చి కూడా ఉంది, హైకూ, అంటే మూడు పాదాల చిట్టి కవిత. ఊళ్ళో అక్కడక్కడా హైకూ పోస్టుబాక్సులు ఉంటాయి, మనకి తోచింది కాగితం మీద రాసి పడేస్తే సిటీ వాళ్ళు తీసి చదివి మంచివి ఎంపిక చేస్తారు, మొదటిసారి చూసినప్పుడు నేను కంప్లైంట్ బాక్స్ అనుకున్నా.

మా హోమ్‌లో తొంభై దాటిన ఒకావిడ ఉంది, చేతులు వణుకుతాయి, కానీ రోజుకో హైకూ చెప్తుంది, నేను హిరగానాలో (జపనీస్ తేలిక అక్షరాలు) రాసి పెడతాను. ఒకరోజు టీలో తోరోమి కలుపుతుంటే (మింగలేనివాళ్ళకి టీ చిక్కబడటానికి వేసే పొడి అది, వేసిన టీ గంజిలా అయిపోతుంది పాపం) షికీ అనే హైకూ కవి పేరున్న మ్యూజియం చూశావా అనడిగింది. లేదన్నాను. మత్సుయామాలో ఉండి చూడలేదా అని మొహం అదోలా పెట్టింది, ఏలూరులో ఉండి కొల్లేరు చూడలేదంటే ఎలా చూస్తారో అలా.

వచ్చిన ఆఫ్ మంగళవారం, వెళ్ళా. ఆ మ్యూజియంకి సెలవే మంగళవారం. తర్వాతి వారం నైట్ షిఫ్ట్ దిగి, పదహారు గంటలు నిలబడ్డ కాళ్ళతో, నిద్రపోకుండా అటునుంచి అటే ట్రామెక్కి దోగో పార్క్ స్టాపులో దిగా. ఆ పార్కు ఒకప్పటి యుజుకి కోట, ఈ ప్రాంతాన్ని ఏలిన కోనో వంశం వాళ్ళది, కందకం ఇంకా ఉంది, నీళ్ళలో కోయ్ చేపలు. దాని పక్కనే మ్యూజియం, 1981లో కట్టింది, పాతకాలం ధాన్యపు గోదాం లాంటి రూపం. టికెట్ 400 యెన్.

లోపల మూడు భాగాలు. మొదటిది దోగో, మత్సుయామాల చరిత్ర, నిజం చెప్పాలంటే నిద్రమత్తులో అది గబగబా దాటేశా. రెండోది మసావొకా షికీ, ఆయన కాలం. 1867లో ఇదే ఊళ్ళో పుట్టాడు, హైకూని పాత మూస నుంచి బయటికి లాగి ఇవాళ్టి రూపానికి తెచ్చింది ఆయనే అంటారు. 1889లో నోట్లోంచి నెత్తురు పడింది, టీబీ. నెత్తురు కక్కేదాకా కూస్తుందని ఇక్కడివాళ్ళు చెప్పుకునే హోతోతోగిసు అనే కోయిలజాతి పిట్ట ఉంది, దాని ఇంకో పేరే షికీ, అది పెట్టేసుకున్నాడు కలంపేరుగా. బేస్‌బాల్ అంటే ప్రాణం, చనిపోయిన వందేళ్ళకి 2002లో జపాన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి కూడా తీసుకున్నారు.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆ ఇంటి ముక్క. షికీ స్నేహితుడు, తర్వాత పెద్ద నవలా రచయితైన నత్సుమే సోసెకి 1895లో ఇక్కడ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాడు, ఆయన అద్దెకున్న ఇంట్లోకి షికీ వచ్చి 52 రోజులు మకాం వేశాడు, మేడమీద సోసెకి, కింద షికీ, శిష్యులొచ్చి రోజూ కింద హైకూ గోష్టులు. ఆ ఇంటి కింది భాగం మ్యూజియంలో మళ్ళీ కట్టి పెట్టారు, చాపలు పరిచిన గది. షికీ చెప్పాపెట్టకుండా కాల్చిన ఈల్ చేప తెప్పించుకు తినేవాడట, వెళ్ళేటప్పుడు ఆ బిల్లు నువ్వే కట్టు అన్నాడట, పైగా డబ్బులు అప్పు కూడా పట్టుకెళ్ళాడట, సోసెకియే తర్వాత చెప్పుకున్నాడు. మా విజయవాడ హాస్టల్లో ఒకమ్మాయి గుర్తొచ్చి అక్కడే నవ్వేశా.

మూడో భాగానికొచ్చేసరికి నిద్ర ఎగిరిపోయింది. షికీకి టీబీ వెన్నెముకకి పాకింది, మేం పాట్స్ స్పైన్ అని చదువుకున్నదే. మందు లేని రోజులు, స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా నలభై ఏళ్ళు టైముంది. వీపుమీదా నడుం దగ్గరా కన్నాలు పడి చీము కారేది. చివరి ఏళ్ళు టోక్యోలో ఇంట్లో మంచంపట్టి ఉన్నాడు. ఆరడుగుల పక్కే నా లోకం, అది కూడా నాకు ఎక్కువే అంటూ 1902లో పేపర్‌కి రోజూ ఒక ముక్క రాశాడు, 127 ముక్కలు, ఆఖరిది పోవడానికి రెండ్రోజుల ముందు అచ్చయింది. అది కాక అచ్చుకి కాకుండా తనకోసం రాసుకున్న డైరీ ఇంకోటి ఉంది, 1901 సెప్టెంబర్లో మొదలైంది. ఫోన్ కెమెరా పెడితే ఆ బ్రష్ రాతకి ట్రాన్స్‌లేషన్ అంతా చెత్త వచ్చింది, తర్వాత మా సీనియర్ ఒకామె మామూలు అచ్చులో దొరికే పుస్తకం తెచ్చి కూర్చోబెట్టి చదివి చెప్పింది.

ఏముందో తెలుసా అందులో? పొద్దున జావ మూడు గిన్నెలు, మధ్యాహ్నం పచ్చిచేప ముక్కలు, పియర్ పళ్ళు, కోకో కలిపిన పాలు, తీపి బన్నులు ఇన్ని, కట్టు మార్చారు, విరేచనం అయ్యింది. అరె, ఇది మా కేర్ రికార్డే కదా! అన్నం పదికి ఎనిమిది, కూర పదికి ఐదు, మోషన్ ఒకసారి అని నేను రోజూ ట్యాబ్లెట్‌లో నొక్కేది ఇదే. తేడా అల్లా ఒకటే, ఇక్కడ పేషెంటే రికార్డు రాసుకుంటున్నాడు.

మరి ఆ కట్టు మార్చిందెవరు? చెల్లెలు రిత్సు, 1870లో పుట్టింది, రెండు పెళ్ళిళ్ళూ నిలవక పుట్టింటికొచ్చేసింది, తల్లీ తనూ కలిసి చేశారు సేవంతా. చీము పట్టిన గుడ్డ పుండుకి అంటుకుపోతే అది ఊడదీయడం ఎలా ఉంటుందో నాకు తెలుసు, తడిపి, ఆగి, కొంచెం లాగి, అరిస్తే ఆగి, మళ్ళీ తడిపి. అది రోజూ, ఏళ్ళ తరబడి, గ్లోవ్స్ లేవు, షిఫ్ట్ మారేవాళ్ళు లేరు. ఆ డైరీలోనే ఆయన ఆమెని తిట్టాడు, కర్రా రాయిలాంటి మనిషి, జాలి లేదు, చెప్తే తప్ప చెయ్యదు అని. చదువుతుంటే ఒళ్ళు మండింది నాకు. కానీ కాసేపటికి ఆయనే రాశాడు, నర్సూ ఆమే, వంటమనిషీ ఆమే, ఇల్లు చక్కబెట్టేదీ నా సెక్రటరీ కూడా ఆమే, నర్సుకిచ్చే జీతంలో పదోవంతు ఖర్చు కూడా ఆమె మీద అవ్వట్లేదు అని. లెక్కైతే వేశాడు మహానుభావుడు. మా ఇంట్లో అదీ వెయ్యలేదు. నానమ్మకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలో ఉంటే అమ్మ ఒక్కతే చేసింది, ఒక్క పుండు పడనివ్వలేదు, కోడలు కదా అన్నారు అందరూ, అయిపోయింది.

షికీ పోయేముందు రోజు, సెప్టెంబర్ 18 పొద్దున, రిత్సు అట్ట పట్టుకుంటే పడుకునే మూడు హైకూలు రాశాడు. మూడూ హెచిమా మీదే. అదేంటని ఫోన్‌లో బొమ్మ చూస్తే మన నేతిబీరకాయ! ఆ తీగ రసం కఫానికి మందని కిటికీ ముందు పాకించారు. పువ్వు పూసింది, కఫం అడ్డుపడి మనిషి పోయాడు అని తన చావు తనే రాసుకున్నాడు. వయసు ముప్పై నాలుగు. ఆ గురగుర నాకు వినపడింది అక్కడ, చేతులు కట్టేసుకుని నర్సుకోసం చూసిన రాత్రులన్నీ గుర్తొచ్చి కాసేపు బెంచీ మీద కూర్చుండిపోయా. పోయిన రాత్రి వాళ్ళమ్మ ఒళ్ళు సర్దుతూ, ఏదీ ఇంకొక్కసారి నొప్పి అను నాన్నా అన్నదట, అదే మత్సుయామా యాసలో.

రాత్రి అమ్మకి వీడియో కాల్ చేసి ఇదంతా చెప్పా. కవి గురించి ఊఁ కొడుతూ చిక్కుడుకాయలు వలుచుకుంటోంది. నేతిబీరకాయ దగ్గర మాత్రం, దాంతో పచ్చడి చేసుకోరా వాళ్ళు అనడిగింది. తర్వాత కాసేపాగి, "అయితే ఆ పిల్ల ఏమైందే, అన్న పోయాక?" అంది.

"మరుసటేడాది టోక్యోలో ఆడపిల్లల వృత్తి స్కూల్లో చేరిందమ్మా, ముప్పై దాటాక. కుట్టుపని నేర్చుకుని అక్కడే టీచరైంది."

అమ్మ చిక్కుడుకాయ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

"జీతం ఇచ్చేవారా?" అంది.

"టీచరంటే ఇస్తారు కదమ్మా."

"అదీ" అని మళ్ళీ వలవడం మొదలెట్టింది.