వెదురు బొంగు, రెండు తీగలు

మా వాడికి ఎనిమిదేళ్లు. ఇంగ్లండ్‌లో మేముండే బ్రాడ్‌ఫోర్డ్‌లోనే పుట్టాడు. తెలుగు వచ్చా అని ఎవరైనా అడిగితే "బాగానే అర్థమవుతుంది" అని చెప్పేదాన్ని. అది అబద్ధం కాదు. కానీ ఒకరోజు పొద్దుటి నుంచి రాత్రి దాకా వాడితో నేనేం మాట్లాడానో గుర్తు చేసుకుంటే తిను, కడుక్కో, చెప్పులు వేసుకో, పడుకో, ఇంతే తేలింది. వాడికి తెలుగంటే అమ్మ పనులు చెప్పే భాష. ప్రశ్నలన్నీ ఇంగ్లిష్‌లోనే అడిగేవాడు, జవాబులు కూడా నేను ఇంగ్లిష్‌లోనే ఇచ్చేదాన్ని. ఆ సంగతి తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఉగాది వేడుకలకు తీసుకెళ్లాం, శనివారం తెలుగు క్లాసులో చేర్చాం. వెళ్లేవాడు, వచ్చేవాడు. వాడి మనసంతా బస్సుల మీద ఉండేది. అందులోనూ, వాడు పుట్టడానికి నలభై ఏళ్లకు పైగా ముందే ఆగిపోయిన ట్రాలీబస్సుల మీద.

ట్రాలీబస్సంటే రోడ్డు మీద రబ్బరు టైర్లతో నడిచే కరెంటు బస్సు. ట్రామ్‌కు పైన ఒక్క తీగ చాలు, కరెంటు తిరిగి వెళ్లడానికి కింద పట్టాలుంటాయి. టైర్ల బండికి ఆ దారి లేదు కాబట్టి పైన రెండు తీగలు, వాటిని అందుకోవడానికి బస్సు నెత్తిన రెండు పొడవాటి పోల్స్. బ్రిటన్‌లో ఇవి మొదట వచ్చింది బ్రాడ్‌ఫోర్డ్, పక్కనున్న లీడ్స్ ఊళ్లలోనే, 1911 జూన్ 20న. లీడ్స్ 1928లోనే మానేసింది. మా ఊరి కార్పొరేషన్ మాత్రం 1972 మార్చి 26 దాకా నడిపింది. దేశంలో అన్నిటికంటే ఆఖరున ఆపిన ఊరు ఇదే. ఇక్కడ ఏ వీధి చూసినా ఎత్తే. కరెంటు మోటారు ఆ ఎత్తుల్ని పొగ లేకుండా, పెద్దగా చప్పుడు లేకుండా ఎక్కేస్తుంది. మేం రోజూ తిరిగే థార్న్‌టన్ వైపు కూడా అవి నడిచేవట. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా ఇదంతా నాకు చెప్పింది వాడే. ఇది వాడి సొంత ఊరు అన్న మాట అప్పుడే నాకు నిజంగా లోపలికి దిగింది.

పోయిన వేసవిలో విజయవాడ నుంచి నాన్న వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. ఇంగ్లిష్ చదవగలడు గానీ మాట్లాడడానికి మొహమాటపడతాడు. మొదటి వారం తాత, మనవడు ఒకే సోఫాలో కూర్చుని ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే. నాకు లోపల టెన్షన్. ఆయన వచ్చింది మూడు నెలలకే.

ఒక ఆదివారం శాండ్‌టాఫ్ట్ వెళ్లాం. లింకన్‌షైర్‌లో పాత వైమానిక స్థావరం మీద కట్టిన ట్రాలీబస్ మ్యూజియం అది. తీగలు కట్టి, నిజంగానే బస్సులు నడుపుతారు. లేత నీలం రంగు బ్రాడ్‌ఫోర్డ్ డబుల్ డెక్కర్ ముందు మా వాడు ఆగిపోయాడు. ఆ బస్సుల చరిత్ర వాడికి నోటికొచ్చు. కార్పొరేషన్ దగ్గర డబ్బు తక్కువ. మిగతా ఊళ్లు ట్రాలీబస్సులు మానేస్తుంటే డార్లింగ్టన్, మెక్స్‌బరో లాంటి చోట్ల నుంచి పాత బండ్లు కొనుక్కొచ్చి, వాటికి కొత్త పైభాగాలు పెట్టించింది. ఇదంతా వాడు ఇంగ్లిష్‌లో గడగడా చెప్పేశాడు. నాన్న నావైపు చూశాడు. నేను రెండు ముక్కల్లో చెప్పాను.

"ఓహో, పాత ఛాసిస్ మీద బాడీ కట్టించారన్నమాట" అన్నాడు నాన్న. "మన ఆటోనగర్‌లో లారీలకు చేసే పనే కదరా."

"కట్టించారు అంటే?" అని మా వాడు అడిగాడు. తెలుగులో!

కట్టడానికీ కట్టించడానికీ తేడా ఏమిటో నాన్న ఆ బస్సు పక్కనే నిలబడి చెప్పాడు. తరవాత లోపలికి ఎక్కారు. కండక్టరు వేషంలో ఉన్న పెద్దాయన ఒకసారి గంట కొడితే బస్సు ఆగుతోంది, రెండుసార్లు కొడితే కదులుతోంది. నాన్న మొహం వెలిగిపోయింది. "మాకూ ఇదే. సింగిల్ బెల్ ఆగు, డబుల్ బెల్ పో." మనవడికి రైట్ రైట్, హోల్డాన్, స్టేజీ, చిల్లర అన్నీ వచ్చేశాయి. ఒక బండి మీద లేలాండ్ అన్న పేరు చూసి నాన్న ఆగాడు. ఆయన సర్వీసంతా అశోక్ లేలాండ్ బస్సుల మీదే. లేలాండ్ అనేది ఇక్కడి లాంకషైర్‌లో ఒక ఊరి పేరని మనవడు చెబితే చాలాసేపు ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. ఆ చెయ్యి నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. బొటనవేలి పక్కన, ఏళ్ల తరబడి టికెట్లు పంచ్ చేసి గట్టిపడిన చర్మం.

మలుపులో ఒక పోల్ తీగ మీద నుంచి జారి పైకి లేచిపోయింది. బస్సు ఆగింది. ఒకతను దిగి, బస్సు కింద నుంచి చాలా పొడవైన కర్ర బయటికి లాగాడు. దాని కొసన ఉన్న కొక్కెంతో పోల్‌ని పట్టి మళ్లీ తీగకు తగిలించాడు.

"వెదురు బొంగురా అది!" అన్నాడు నాన్న. "వెదురు?" అన్నాడు వాడు. కరెంటు తీగ దగ్గర ఇనుప గడ పట్టుకుంటే ఏమవుతుందో, వెదురే ఎందుకో నాన్న చెబుతూనే ఉన్నాడు. ఇంటికి వచ్చేదాకా కారు వెనక సీట్లో అదే మాట. నేను ఒక్క ముక్క కూడా మధ్యలో కల్పించుకోలేదు.

నాన్న అక్టోబరులో వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆదివారాలు వీడియో కాల్. మొన్న నేను వంటింట్లో ఉండగా వినబడింది.

"ఆ రోజు పోల్ ఎందుకు ఊడిందిరా?"

"ఎందుకంటే తాతయ్యా, తీగ తిరిగింది, బస్సు ఎక్కువ దూరం పోయింది. పోల్‌కి అందలేదు."

"మరి ఊడినట్టు డ్రైవరుకెలా తెలుస్తుంది? పోల్స్ వెనకాల కదా ఉండేది."

వాడు కాసేపు మాట్లాడలేదు. "ఉండు తాతయ్యా, ఆలోచిస్తున్నా" అన్నాడు.