వానికి తెలియని రీతిగా

మార్కు సువార్త 4వ అధ్యాయంలో 26 నుంచి 29 వరకు ఒక చిన్న ఉపమానం ఉంది. మత్తయి రాయలేదు, లూకా రాయలేదు, మార్కు ఒక్కడే రాశాడు. దానికి ముందు విత్తువాని ఉపమానం, దాని తర్వాత ఆవగింజ. ఆ రెండింటి మీదా మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. మధ్యలో ఉన్న ఈ నాలుగు వచనాల దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. నా విశ్వాస జీవితానికి మాత్రం ఈ నాలుగు వచనాలు చేసిన మేలు ఇంతా అంతా కాదు.

"ఒక మనుష్యుడు భూమిలో విత్తనము చల్లి, రాత్రింబగళ్లు నిద్రపోవుచు, మేల్కొనుచు నుండగా, వానికి తెలియని రీతిగా ఆ విత్తనము మొలిచి పెరిగినట్లే దేవుని రాజ్యమున్నది. భూమి మొదట మొలకను తరువాత వెన్నును అటుతరువాత వెన్నులో ముదురు గింజలను తనంతటతానే పుట్టించును."

మా యౌవనస్థుల కూటంలో ఒక అబ్బాయి ఈ మధ్య అడిగాడు. "అన్నా, రక్షణ పొందిన కొత్తలో ప్రార్థనకు కూర్చుంటే చాలు, కన్నీళ్ళు ఆగేవి కాదు. ఇప్పుడు రావట్లేదు. మోకరించినా మనసు ఎక్కడెక్కడో తిరుగుతోంది. నేను వెనక్కి పోతున్నానా?" ఆ ప్రశ్న అడిగేటప్పుడు అతని గొంతులో ఉన్న భయం నాకు బాగా అర్థమైంది. ఇది ఒక్కడి ప్రశ్న కాదు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కూర్చుని, జనవరి ఒకటిన వాగ్దానం కార్డు అందుకుని, ఈ ఏడాది బైబిలు మొత్తం చదివేస్తానని మొదలుపెట్టి, నిర్గమకాండం ఉత్సాహంగా దాటి, లేవీయకాండంలో బలుల దగ్గర నెమ్మదించిన ప్రతి విశ్వాసికీ ఈ ప్రశ్న తెలుసు. ఉజ్జీవ కూటాల్లో చేసిన తీర్మానం నెల తిరిగేసరికి పలచబడితే, "నాలో అసలు ఏమైనా ఎదుగుతోందా?" అని లోపల ఒకటే గుబులు.

ఆ గుబులున్న వాళ్ళ కోసమే ప్రభువు ఈ ఉపమానం చెప్పాడని నేను నమ్ముతున్నాను.

ఇందులోని రైతును కాస్త దగ్గర నుంచి చూడండి. యేసు ప్రభువు మాట్లాడుతున్నది గలిలయ రైతులతో. వాళ్ళది కాలువల కింద సేద్యం కాదు. ఐగుప్తు (ఈజిప్టు) లాగా కాళ్ళతో నీళ్ళు కట్టుకునే దేశం కాదనీ, ఆకాశం కురిపిస్తే తాగే కొండలూ లోయల దేశమనీ ద్వితీయోపదేశకాండం 11వ అధ్యాయం ముందే చెప్పింది. అక్టోబరు, నవంబరు నెలల్లో తొలకరి పడితే దున్ని, గోధుమో యవలో చల్లుతారు. చలికాలమంతా వానలు. మార్చి, ఏప్రిల్‌లో కడవరి వర్షం. పస్కా పండుగ నాటికి యవల కోత, పెంతెకొస్తు పండుగ నాటికి గోధుమ కోత. ఈ అయిదారు నెలల్లో వానను పిలిపించే శక్తి రైతుకు లేదు. మన ఒంగోలు వైపు మెట్ట రైతుకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. విత్తు నేలలో పడ్డాక అతను చేయగలిగింది ఆకాశం వైపు చూడటం, గట్టు మీద తిరిగి ఇంటికి రావడం, అన్నం తిని పడుకోవడం.

పడుకోవడం గురించి ప్రభువు తప్పుపట్టలేదు. అది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. అతను సోమరి అని అనలేదు. రాత్రంతా పొలంలో కూర్చుని మొక్కను కాపలా కాయమనీ అనలేదు. అతని నిద్రనూ మెలకువనూ ఒకే వాక్యంలో పెట్టి, ఆ రెండింటి మధ్యలోనే విత్తనం పెరుగుతోందన్నాడు. 127వ కీర్తనలో ఉన్నదీ ఇదే: "తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు."

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. ఈ ఉపమానం చెప్పిన దినమే సాయంకాలం ప్రభువు శిష్యులతో దోనె ఎక్కాడు. 35వ వచనం "ఆ దినమే" అని స్పష్టంగా చెబుతోంది. పగలంతా దోనెలో కూర్చుని, ఒడ్డున ఉన్న జనానికి విత్తనాల సంగతి చెప్పినవాడు, తుఫాను రేగి అలలు దోనె మీద కొడుతుంటే దోనె వెనక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు. పగలు చెప్పిన ఉపమానంలోని రైతులాగే! చెప్పినదాన్ని ఆ రాత్రే బతికి చూపించాడు. శిష్యులు మాత్రం, "బోధకుడా, మేము నశించిపోవుచున్నాము, నీకు చింతలేదా?" అని లేపారు. చింత లేక నిద్రపోలేదు ఆయన. తండ్రి చేతిలో ఉన్నానని తెలిసి నిద్రపోయాడు. ఒకే అధ్యాయంలో ఉన్న ఈ రెండు నిద్రలను నేను విడివిడిగా చదవలేను. మన ఎదుగుదల గురించి మనం పడే ఆందోళనలో చాలా భాగం, ఆ దోనెలో శిష్యుల కేక లాంటిదే అనిపిస్తుంది.

"మొదట మొలకను తరువాత వెన్నును అటుతరువాత వెన్నులో ముదురు గింజలను." వరుస చెప్పాడు ప్రభువు. మన వరి చేలో కొత్తగా బయటపడిన వెన్నును తెంపి, గింజను గోటితో నొక్కి చూడండి. ముందు ఏమీ ఉండదు. కొన్నాళ్ళకు తెల్లటి పాలు వేలికి అంటుతాయి. గింజ పాలు పోసుకుంది అంటారు. ఇంకొన్నాళ్ళకు గట్టిపడుతుంది. పాలు చూసిన రైతు, బియ్యం ఏవని మొక్క మీద విసుక్కోడు. మన సంఘాల్లో ఈ ఓపిక తగ్గిందని నాకు బాధగా ఉంది. బాప్తిస్మం తీసుకుని ఆరు నెలలు కాని పిల్లవాడిని వేదిక ఎక్కించి పెద్ద సాక్ష్యం చెప్పమంటాం. వాడికి చెప్పడానికి ఉన్నది చిన్న మొలక. దాన్ని ముదురు గింజలాగా చూపించాల్సి వచ్చేసరికి, లేని అనుభవాలు కలిపి చెప్పడం అలవాటవుతుంది. మొలకగా ఉన్నప్పుడు మొలకగా ఉండనివ్వడం సంఘ పెద్దలు చేయగల గొప్ప పరిచర్య.

ఆ అబ్బాయి కన్నీళ్ళ సంగతికి వస్తే, కన్నీళ్ళు ఆగిపోయినా ప్రార్థనకు కూర్చోవడం మానలేదు కదా అతను. నాకు అదే ముఖ్యం. తొలి రోజుల్లో ఆనందం వల్ల మోకరించాడు. ఇప్పుడు ఆనందం తెలియకపోయినా మోకరిస్తున్నాడు. మొలక కిందికి వేరు పోతోందేమో, పైకి కనిపించడం లేదేమో. అతనికి తెలియకపోవచ్చు. "వానికి తెలియని రీతిగా" అని ప్రభువు ముందే చెప్పాడు.

నా జీవితంలో ఇది జరిగిన ఒక రాత్రి చెబుతాను. అమ్మకు ఆపరేషన్. థియేటర్ బయట వరండాలో ఇనప కుర్చీలు, గోడకు ఫినాయిల్ వాసన, అటెండర్లు చక్రాల మంచం తోసుకుంటూ వెళ్తున్నారు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ఒక్క మాట రాలేదు. అప్పుడు నేను పిలవకుండానే ఒక వాక్యం నోట్లోకి వచ్చింది: "నీవు జలములలో బడి దాటునప్పుడు నేను నీకు తోడై యుందును." యెషయా 43. సండే స్కూల్లో చాప మీద కూర్చుని, నల్లబల్ల మీద టీచరమ్మ గారు సుద్దతో రాసిన అక్షరాలు చూస్తూ నేర్చుకున్న కంఠత వాక్యం అది. ఆమె ఒక్కో మాట చెరిపేసి, చెరిపిన చోట ఏముందో మళ్ళీ మమ్మల్నే చెప్పమనేవారు. చివరికి బల్ల మీద ఏమీ మిగిలేది కాదు, మేం మాత్రం అరుస్తూ మొత్తం చెప్పేవాళ్ళం. అప్పుడు దాని అర్థం నాకు తెలియదు. ఏ జలములు, ఎవరు దాటాలి? ఏళ్ళ తరబడి ఆ విత్తనం నాలో ఉందన్న సంగతే నాకు గుర్తులేదు. ఆ వరండాలో, నాకు నిజంగా నీళ్ళు మెడ దాకా వచ్చిన రాత్రి, అది నాకు అన్నం అయింది. అమ్మ కోలుకుంది. ఆమె కోలుకోకపోయినా ఆ వాక్యం నిజమేనని ఆ రాత్రే నాకు తెలిసింది.

అందుకే సండే స్కూలు పిల్లలతో, అర్థమైనా కాకపోయినా వాక్యం నోటికి నేర్పించండని ప్రతి తల్లినీ తండ్రినీ బతిమాలుతుంటాను.

మరి మనం చేసేది ఏమీ లేదా? "కృపయందును జ్ఞానమందును అభివృద్ధిపొందుడి" అని పేతురు ఆజ్ఞలాగే రాశాడు కదా. ఉంది. ఆ రైతు విత్తాడు, అది మొదటిది. చల్లని విత్తనం మొలవదు. చదవని వాక్యం ఎదగాలని దేవుని వైపు ఎదురుచూడటంలో అర్థం లేదు. ఇంకోటి ఇదే అధ్యాయంలో కొంచెం పైన ఉంది: ముండ్ల పొదలు. "ఐహిక విచారములును, ధనమోసమును మరి ఇతరమైన అపేక్షలును లోపల చొచ్చి" వాక్యాన్ని అణచివేస్తాయన్నాడు ప్రభువు. మొక్కను పెంచడం మన వల్ల కాదు గానీ ముళ్ళు పీకడం మన వల్ల అవుతుంది. ఫోను చూస్తూ చూస్తూ అర్ధరాత్రి దాటించి, పొద్దున వాక్యానికి లేవలేకపోయానని బాధపడితే, అక్కడ పీకాల్సిన ముల్లు ఏదో మనకు తెలుసు. పక్కింటివాళ్ళ స్థలం, బంధువుల పిల్లల అమెరికా ఉద్యోగం ఆరాధన మధ్యలో గుర్తొస్తుంటే, అదీ తెలుసు. తన పనినీ, తోటి సేవకుడు అపొల్లో పనినీ కొరింథీయులకు పౌలు ఎంత చక్కగా పంచి చెప్పాడు: "నేను నాటితిని, అపొల్లో నీళ్లు పోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే." నాటడం, నీళ్ళు పోయడం మనుషుల లెక్కలో ఉన్నాయి. మూడోది ఆయన లెక్కలో ఉంది.

ఈ ఉపమానం చదివినప్పుడల్లా నాకు మన తెలుగు నేల మీద జరిగిన ఒక చరిత్ర గుర్తొస్తుంది. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా మారుమనసు పొందినవాళ్ళు వేళ్ళ మీద లెక్కించేంత మంది. ఆరోగ్యం పాడై 1853లో ఆయన శాశ్వతంగా స్వదేశం వెళ్ళిపోయాడు. ఆ ఏడాదే ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషన్‌లోని మిషనరీ లైమన్ జువెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ అయిదుగురికీ వెంటనే ఏమీ కనిపించలేదు. 1862లో మళ్ళీ మూసేద్దామన్నారు. అందరూ వదిలేసినా తానొక్కడే తిరిగి వెళ్తానని జువెట్ పట్టుబట్టాడు.

వాళ్ళు అడిగిన సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, ఒంగోలు వచ్చి స్థిరపడింది 1866లో. ఆయన రాకముందే భూమి తన పని తాను చేస్తోంది. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి, ఏలూరు వైపు నుంచి సువార్త చెవిన పడి అప్పటికే నమ్మి ఉన్నాడు. మిషనరీ అతన్ని వెతుక్కుంటూ వెళ్ళలేదు, అతనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆ తర్వాత తన వాళ్ళ మధ్య ఊరూరా తిరిగి చెప్పాడు. మన ప్రాంతంలో మాలపల్లెలు, మాదిగపల్లెలు నమ్మిన చరిత్ర దొరల పేర్లతో చెప్పుకుంటాం గానీ, పేరయ్య లాంటివాళ్ళ కాళ్ళు నడిచిన దూరం ఎవరూ కొలవలేదు.

1876 నుంచి 78 వరకు గొప్ప కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు, బాప్తిస్మమే అడిగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నది నీళ్ళలో ఒక్క రోజే 2,222 మంది, మూడు రోజుల్లో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. "పంట పండినప్పుడు సేద్యగాడు కోతకాలము వచ్చినదని వెంటనే కొడవలిపెట్టి కోయును" అన్న మాట అక్కడ నెరవేరింది.

నెల్లూరులో మొదటి గింజ చల్లిన శామ్యూల్ డే అప్పటికి లేడు. 1871లోనే చనిపోయాడు. తన జీవితకాలంలో ఆయన చూసింది మొలక దాకా, మహా అయితే పచ్చి వెన్ను దాకా. విత్తువాడొకడు, కోయువాడొకడు అని సమరయలో బావి దగ్గర శిష్యులతో అన్న ప్రభువు, దానికి ముందే ఇంకో మాట కూడా అన్నాడు: విత్తువాడును కోయువాడును కూడ సంతోషించునట్లు. గుండ్లకమ్మ ఒడ్డున ఆ రోజు కలిగిన సంతోషంలో డేకూ వాటా ఉంది. మా టీచరమ్మ గారికీ ఆ వరండాలో వాటా ఉంది, ఆమెకు తెలియదు అంతే.