కొత్తలు కాలేదు

పాలకొండలో బస్సు తప్పింది. ఆటోలో పదిమందిని కుక్కి, తలకి యాభై తీసుకున్నాడు. సీతంపేటలో దిగేసరికి ఎండెక్కింది, నాకు చిరాకూ ఎక్కింది. సోమవారం సంతకి తెల్లవారకముందే రావాలి. మంచి కొండచీపుళ్లన్నీ అప్పటికే షావుకార్ల వ్యాన్లెక్కేశాయి.

నేను వచ్చింది కందుల కోసం. పోడు కందులతో చేసిన పప్పయితేనే మా అమ్మ ఇష్టంగా తింటుంది. సంత చివర్న ఒక సవర గిరిజన పెద్దావిడ పసుపు బస్తా ముందు కూర్చుంది.

"కందులున్నాయా అమ్మా?"

"ఇంటికాడున్నాయి బాబూ. మా ఊర్లో కొత్తలు కాలేదు."

కొత్తలంటే కొత్త పంటని ముందుగా అమ్మోరికి పెట్టే పండగ. పక్కన ఇంకొకావిడ కందులు అమ్ముతోంది కదా అన్నాను. "ఆళ్ల ఊర్లో అయిపోనాయి" అంది. ఊరి పూజారి జన్నోడు, పెద్దలు కూర్చుని పండగకి రోజు పెడతారట. అమ్మోరికి పెట్టకుండా ఎవరైనా ముడితే తప్పు కట్టాలి. పండగయ్యాక ముందు విత్తనం తీస్తారు, తర్వాత ఇంటికి దాచుకుంటారు, మిగిలిందే సంతకొస్తుంది.

మా నాయనమ్మా అంతే. కొత్త బియ్యం పరమాన్నం అమ్మవారికి పెట్టందే మమ్మల్ని ముట్టనిచ్చేది కాదు. ఆవిడతోనే ఆ కట్టు పోయింది. ఇప్పుడు మా ధాన్యం కళ్లం నుంచే లారీ ఎక్కుతోంది, విత్తనం కొనుక్కుంటున్నాం.

ఇంతలో ఒకతను కాటా పట్టుకొచ్చాడు. ఆవిణ్ణి ధర అడగలేదు. పసుపు తూచి, చిట్టా పుస్తకంలో ఏదో కొట్టేసి, చేతిలో రెండు వందలు పెట్టి బస్తా ఎత్తుకుపోయాడు. వానాకాలంలో ఆవిడ అతని దగ్గర తీసుకున్న అప్పుకి జమట అది. ఆవిడ ఆ నోట్లు మడిచి కొంగున ముడేసుకుంది. ఒక్క మాటా అనలేదు.

నాకు కడుపు రగిలిపోయింది. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 చట్టం ఉంది. ఊరి సంతల మీద, వడ్డీ వ్యాపారం మీద అజమాయిషీ గ్రామసభకీ పంచాయతీకీ ఉండాలని 1996లో వచ్చిన పెసా, అంటే గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం, చెప్పింది. పాతికేళ్లు దాటిపోయాయి. కందుల్ని ఊరి కట్టుబాటు కాపాడుతోంది, పసుపుని కాపాడే దిక్కు ఆ సంతలో నాకు కనపడలేదు. పసుపుకీ ఇలాగే ఊరంతా కలిసి ఒక రోజు, ఒక ధర పెట్టుకుంటే ఆ కాటా ఆవిడ చేతికే రాదా?

"రెండు సంతలు పోనీ, తెస్తాను" అంది లేస్తూ.

తిరుగు బస్సులో అమ్మకి ఫోన్ చేసి కందులు దొరకలేదని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను.

"రెండు సంతలేగా, ఆగుదాం" అంది అమ్మ.