రండి, వాంగ, బన్ని

జాకెట్టుకు లైనింగు గుడ్డ కావాలని సాయంత్రం కుప్పం బజారుకు వెళ్ళాను. పండగ రోజులు కాకపోయినా బట్టల కొట్టు కిటకిటలాడుతోంది. నా వంతు వచ్చేదాకా ఓ మూల కూర్చుని కొట్టాయన పిలుపులు వింటూ ఉండిపోయాను.

మెట్టెక్కే వాళ్ళలో ఒకరిని ‘రామ్మా, రా’ అంటాడు, ఇంకొకరిని ‘వాంగమ్మా’ అంటాడు. ఉర్దూ వాళ్ళొస్తే ‘ఆయియే’. చేతిలో మీటరు కర్ర మాత్రం ఆగదు. గుమ్మం దగ్గర మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ తటపటాయిస్తూ నిలబడింది. ‘బన్ని అజ్జీ, ఒళగె బన్ని’ అని కన్నడంలో లోపలికి పిలిచాడు. అంతే, ఆవిడ మొహం విప్పారింది. లోపలికొచ్చి కూర్చుని, చీర సంగతి తర్వాత, ముందు మనవరాలి పెళ్ళి కబుర్లు మొదలుపెట్టింది.

‘ఎవరిది ఏ భాషో ఎట్లా తెలుస్తుందన్నా?’ అని అడిగాను.

‘చెప్పులు విడిచేటప్పుడు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు గదమ్మా, అది వింటా’ అన్నాడు.

మాది చిత్తూరు జిల్లా కొస. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక. అటు కృష్ణగిరి వాళ్ళూ, ఇటు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వాళ్ళూ మాకు కొత్త కాదు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఈ ఊళ్ళో పెట్టారంటే ఊరికే పెట్టలేదు.

పెళ్ళి పందిళ్ళకు కట్టే బోర్డుల మీద స్వాగతం, సుస్వాగత, నల్వరవు అని రాస్తారు. చూడ్డానికి బాగుంటాయి. ఇంటికొచ్చిన మనిషితో మాత్రం ఏ భాష వాళ్ళమైనా ‘రండి’ అనే అంటాం, ఆ వెంటనే మంచినీళ్ళు ఇస్తాం. వెళ్ళేటప్పుడు కూడా అంతే. మనం ‘పోయొస్తాం’ అంటాం, తమిళులు ‘పోయిట్టు వరేన్’, కన్నడిగులు ‘హోగి బర్తీని’. ఉత్తినే ‘పోతున్నా’ అంటే మా అమ్మ ఇప్పటికీ ఊరుకోదు. సాగనంపే మాటలో కూడా మళ్ళీ రమ్మనడం ఉండటం నాకెంత ఇష్టమో!

మా వీధి చివర ఒడిశా నుంచి ఒక కుటుంబం కొత్తగా అద్దెకు దిగింది. ఆ అమ్మాయికి ఇక్కడి మాటలు ఇంకా పట్టుబడలేదు, కొళాయి దగ్గర ఎవరితోనూ కలవదు. ఇంటికి తిరిగొస్తూ వాళ్ళ గుమ్మం దగ్గర ఆగి, మీ భాషలో ‘రండి’ని ఏమంటారని సైగలతో, వచ్చీరాని హిందీతో అడిగాను. ‘ఆసంతు’ అంది. రెండుసార్లు పలికించుకున్నాను. శుక్రవారం మా ఇంట్లో పేరంటం. మొదటి పిలుపు ఆ ఇంటికే.