క్రిప్టోగ్రఫీ వర్క్‌షాప్‌కి వెళ్తే నెట్ పార్ట్ సికి ఏం ఒరుగుతుంది?

సీఎస్‌ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ ఉద్యోగానికి రాసే జాతీయ పరీక్ష) మ్యాథమెటికల్ సైన్సెస్‌కి చదివే జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "అన్నా, డిపార్ట్‌మెంట్‌లో వర్క్‌షాప్ ఉంది, వెళ్ళమంటావా, రూములో కూర్చుని పాత పేపర్లు చేసుకోమంటావా?" అన్నిటికీ వెళ్ళొద్దు. నంబర్ థియరీ, క్రిప్టోగ్రఫీ (సందేశాన్ని రహస్యంగా పంపే విద్య) మీద పెట్టేవి మాత్రం వదులుకోకండి.

పేపరు సంగతి తెలిసిందే. పార్ట్ ఏలో 15 ప్రశ్నలు రెండేసి మార్కులు, బిలో 25 మూడేసి, సిలో 60 ఇస్తే 20 రాయాలి, ఒక్కోటి 4.75. అంటే 200లో 95 మార్కులు సివే. సిలో నెగటివ్ మార్కులు లేవని సంబరపడతాం గానీ, అక్కడ సరైన ఆప్షన్లు ఒకటికి మించి ఉండొచ్చు, అన్నీ పెడితేనే మార్కులు. ఒక్కటి వదిలినా సున్నా. సరైనది ఒకటి దొరకగానే పెట్టేసి ముందుకు పోయేవాళ్ళకి అక్కడే దెబ్బ పడుతుంది.

మా డిపార్ట్‌మెంట్‌లో పెట్టిన వర్క్‌షాప్‌లో ఆర్‌ఎస్‌ఏ (ప్రైములతో సందేశానికి తాళం వేసే పద్ధతి) చెప్పిన సారు బోర్డు మీద చిన్న లెక్క వేశారు. ప్రైములు 5, 11. లబ్ధం 55, ఆయిలర్ ఫై విలువ (5−1)×(11−1) = 40. లాక్ చేసే ఘాతం 3 అనుకుంటే, తెరిచే ఘాతం 27. ఎందుకంటే 3×27 = 81, 40తో భాగిస్తే శేషం 1. మెసేజ్ 2 అయితే ఘనం చేసి 8 పంపుతాం, అవతలివాడు దానికి 27వ ఘాతం వేసి 55తో భాగిస్తే శేషం మళ్ళీ 2 వస్తుంది. అందరం బుద్ధిగా రాసుకున్నాం. అప్పుడాయన, "27 తీసేసి 7 పెట్టండి, ఏమవుతుందో చూడండి" అన్నారు.

7తోనూ తెరుచుకుంటుంది! మాడ్యులో 55లో విలోమం ఉన్న మూలకాల గ్రూపులో 40 మంది ఉన్నారు, నిజమే. కానీ అది సైక్లిక్ కాదు, అంటే ఏ ఒక్క మూలకం ఘాతాలతోనూ మొత్తం గ్రూపు రాదు. 4 ఆర్డరుది ఒకటి, 10 ఆర్డరుది ఒకటి, ఈ రెండు సైక్లిక్ గ్రూపుల డైరెక్ట్ ప్రొడక్ట్. 4, 10ల క.సా.గు. 20. కాబట్టి ఏ మూలకానికైనా 20వ ఘాతానికే 1 వచ్చేస్తుంది. 3×7 = 21, సరిపోయింది. 7, 27, 47 అన్నీ సరైన జవాబులే. ఇది అచ్చం పార్ట్ సి ప్రశ్న. లగ్రాంజ్ సిద్ధాంతం ఇచ్చే 40 (గ్రూపులోని మూలకాల సంఖ్య) దగ్గర ఆగిపోయినవాడు ఒక్క ఆప్షన్ పెడతాడు, క.సా.గు. దాకా వెళ్ళినవాడు మూడూ పెడతాడు.

మెసేజ్ 5 అయితే? 55తో దానికి ఉమ్మడి కారణాంకం ఉంది కాబట్టి ఆయిలర్ సిద్ధాంతం వర్తించదు. అయినా 5 తిరిగి 5గానే వస్తుంది. చైనీస్ శేష సిద్ధాంతంతో 5 మీద, 11 మీద విడివిడిగా చూస్తే ఎందుకో తేలిపోతుంది: 55లో ఏ ప్రైమూ రెండుసార్లు రాలేదు. ఈ ఒక్క మాట పట్టుకుంటే ఇంకో రకం ప్రశ్నలు కూడా లొంగుతాయి. ప్రతి పూర్ణాంకానికీ దాని 13వ ఘాతానికీ తేడాని నిశ్శేషంగా భాగించే అతి పెద్ద సంఖ్య ఏది? ఒకటి తగ్గిస్తే 12ని భాగించే ప్రైములు 2, 3, 5, 7, 13. వాటి లబ్ధం 2730. 13 తీసి 25 పెట్టినా అదే జవాబు, కావాలంటే చేసి చూడండి.

డిసెంబర్ 22న జాతీయ గణిత దినోత్సవానికి ప్రతి కాలేజీలోనూ రామానుజన్ 1729 ట్యాక్సీ కథ చెప్తారు. వినీవినీ చెవులు దిమ్మెక్కాయి. మనకి అంతకన్నా పనికొచ్చేది, 1729 కార్మైకేల్ సంఖ్య అన్న సంగతి. అంటే తను ప్రైము కాకపోయినా, ప్రతి పూర్ణాంకానికీ దాని 1729వ ఘాతానికీ తేడాని 1729 నిశ్శేషంగా భాగిస్తుంది. 1729 = 7×13×19. ఈ ప్రైముల్లోంచి ఒక్కోటి తగ్గిస్తే వచ్చే 6, 12, 18 మూడూ 1728ని భాగిస్తాయి. పై పద్ధతే. 561, 1105 కూడా ఇలాగే వేసి చూసుకోండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని సి.ఆర్. రావు ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలు చూస్తూ ఉండండి, క్రిప్టాలజీ వాళ్ళ పరిశోధన రంగాల్లో ఒకటి. ఎమ్మెస్సీలో ఉన్నవాళ్ళకి వేసవిలో ఎమ్‌టీటీఎస్ గణిత శిక్షణ శిబిరం చాలా మంచిది. ఇండోక్రిప్ట్ లాంటి సదస్సులు పరిశోధకులవి. ఇండోక్రిప్ట్ 2019లో హైదరాబాద్‌లోనే జరిగింది గానీ, అలాంటివి జేఆర్‌ఎఫ్ (నెట్‌తో వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చాక చూసుకోవచ్చు. క్వాంటం కంప్యూటర్లకి తట్టుకునే క్రిప్టోగ్రఫీ మీద ఉపన్యాసాలూ బాగా పెరిగాయి, 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాటికి తొలి ప్రమాణాలు ప్రకటించింది కదా. ఆ ఉపన్యాసాల్లో లాటిస్ (క్రమంగా పేర్చిన బిందువుల జాలం) అంటే ఏమిటో, దాని బేసిస్ ఎలా మారుతుందో చెప్పే మొదటి భాగం లీనియర్ ఆల్జీబ్రాకి పనికొస్తుంది. తర్వాతది అర్థం కాకపోయినా కంగారు పడకండి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు ఇంగ్లిష్‌లో డౌట్ అడగాలంటే జంకుతారు. టీ బ్రేక్‌లో చెప్పినాయన దగ్గరికి కాగితం, పెన్ను పట్టుకెళ్ళి లెక్క చూపించండి, చాలు.

పరీక్ష నెలలోనే వర్క్‌షాప్ పడితే మాత్రం మొహమాటం లేకుండా మానేయండి. మీ గైడు పెట్టిందే అయినా సరే, ముందే చెప్పేసి మాక్ టెస్టులు రాసుకోండి.