బీటెక్కా, సీపీఎల్లా?

ఇంటర్ ఎంపీసీ అవగానే ఇప్పుడు చాలా ఇళ్లల్లో ఇదే చర్చ: ఇంజినీరింగా, లేక సీపీఎల్, అంటే పైలట్ ఉద్యోగానికి కావాల్సిన కమర్షియల్ పైలట్ లైసెన్సా? నన్నడిగితే, ఫ్లయింగ్ స్కూల్‌కి అడ్వాన్స్ కట్టే ముందే మెడికల్ చేయించాలి. మొదట క్లాస్ 2 వైద్య పరీక్ష, తర్వాత ఇంకా కఠినమైన క్లాస్ 1. కళ్లద్దాలుంటే సాధారణంగా ఇబ్బంది లేదు, రంగులు గుర్తుపట్టడంలో తేడా ఉంటే మాత్రం కథ అక్కడే ఆగిపోవచ్చు. డబ్బు కట్టేశాక ఆ సంగతి తెలిస్తే ఏం లాభం?

లైసెన్స్‌కి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) అడిగేది 200 గంటల ఫ్లయింగ్. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం బాధ్యత మొత్తం తనదే అన్నట్టు), 300 నాటికల్ మైళ్ల క్రాస్ కంట్రీ (వేరే విమానాశ్రయాలకు దూర ప్రయాణం) ఒకటి, కొంత రాత్రి ఫ్లయింగ్ కూడా ఉండాలి. బ్రోచర్లో ఏడాదే అని ఉంటుంది. వానాకాలం మబ్బులు, చలికాలం పొగమంచు, మెయింటెనెన్స్‌కి వెళ్లిన విమానం, ఖాళీ లేని ఇన్‌స్ట్రక్టర్... అన్నీ కలిసి ఏడాదిన్నర, రెండేళ్లకు లాగేస్తాయి. హాస్టల్ ఖర్చూ అంతే పెరుగుతుంది. అందుకే డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు ఇంటి దగ్గరుండగానే రాసేయడం మేలు. పాస్ కావాలంటే 70 శాతం రావాలి. నావిగేషన్ లెక్కలకి రోజూ చేతితో సాధన చేయాల్సిందే.

లైసెన్స్‌కి డిగ్రీ అక్కర్లేదు. దూరవిద్యలో బీఎస్సీయో బీకామో పక్కన నడుపుకోవచ్చు. ఇష్టం లేని బీటెక్‌ని 'సేఫ్టీ' కోసం నాలుగేళ్లు మోయడం కంటే అదే నయం. లోన్ లెక్క వేసేటప్పుడు ఎయిర్‌బస్ 320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపేందుకు విడిగా తీసుకోవాల్సిన శిక్షణ, అర్హత) ఖర్చు కూడా కలపండి, స్కూల్ చెప్పే ఫీజులో సాధారణంగా అది ఉండదు.