ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. హైదరాబాద్‌లో పదకొండేళ్ళు హైబ్రిడ్ సర్క్యూట్ల (విడివిడి చిప్పుల్ని ఒకే ప్యాకేజీలో కలిపి కట్టినవి) టెస్టింగ్‌లో పనిచేశాక ఆ మాట మీద నాకు నమ్మకం పోయింది. అన్నమైతే అంతా ఒకే గిన్నెలో ఉడుకుతుంది. మా దగ్గర ఒక్కో మెతుకుకీ ఒక్కో గిన్నె, ఒక్కో మూత.

గిన్నెలంటే కోవార్ అనే మిశ్రమ లోహంతో చేసిన, తపాలా బిళ్ళంత ప్యాకేజీలు. లోపల చిప్పులు, వెంట్రుక కన్నా సన్నని తీగలు. నైట్రోజన్ నింపిన గ్లోవ్ బాక్సులో లిడ్ పెట్టి చుట్టూ వెల్డింగ్ చేసేస్తాం. లోపల నీటి ఆవిరి 5,000 పీపీఎం (పది లక్షల్లో ఐదు వేల వంతులు) దాటకూడదు. అమెరికా సైనిక ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-883, 1018వ పద్ధతిలోని అంకె అది. ఆ లోపు ఉంటే, సున్నా డిగ్రీల కిందికి చల్లబడితేగానీ ఆవిరి పేరుకోదు. పేరుకున్నా మంచుగానే, నీటి పొరగా కాదు. చిప్పుల మీది అల్యూమినియాన్ని తినేది ఆ నీటి పొరే. దానికి తోడు కాస్త క్లోరైడ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కొలవాలంటే ప్యాకేజీని 100 డిగ్రీలకు వేడిచేసి, చిల్లు పొడిచి, వచ్చిన వాయువుని, అందులో ఏది ఎంతుందో చెప్పే మాస్ స్పెక్ట్రోమీటర్‌కి పంపాలి. రిపోర్టు వస్తుంది, ప్యాకేజీ పోతుంది. బోర్డు మీదికెక్కేది మాత్రం ఎవరూ పొడవని ప్యాకేజీ.

ఒక లాట్‌లోంచి, అంటే ఒకే విడతలో చేసినవాటిలోంచి, మూడు పంపితే రెండు ఫెయిలయ్యాయి. హీలియం లీక్ టెస్టులో అన్నీ పాసైనవే. అయినా రెండు రోజులు లీక్ కోసమే వెతికాం. వెల్డింగ్ చేసే అతన్ని నేను అనరాని మాట కూడా అన్నాను. తీరా చూస్తే నీళ్ళు బయటినుంచి రానేలేదు, చిప్పుల్ని అంటించిన ఎపాక్సీ జిగురులోనే ఉన్నాయి. మూత వేసే ముందు వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఉండాల్సిన ట్రేని డెలివరీ తొందరలో నాలుగు గంటలకే తీశారు. తీయమన్న సంతకం నాదే. మిగిలినవాటిలో ఏది తడి, ఏది పొడి? తెలుసుకునే దారి లేక లాట్ మొత్తం పక్కన పెట్టేశాం. అతనికి సారీ చెప్పాను, చాలా ఆలస్యంగా.

మూత తీయకుండా లోపలి తడిని అడగాలన్న పట్టుదల అప్పుడు పట్టుకుంది. దారి కొత్తదేం కాదు. 2000 ప్రాంతంలోనే మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఖలీల్ నజాఫీ బృందం, ఒంట్లో అమర్చే పరికరాల కోసం తయారుచేసిన గాజు ప్యాకేజీల్లో బ్యాటరీ లేని సెన్సర్ పెట్టి చూసింది. ఒక కాయిల్, ఒక కెపాసిటర్, అంతే. కెపాసిటర్‌లోని పాలీఇమైడ్ పొర తేమ పీలిస్తే కెపాసిటెన్స్ (ఛార్జ్ పట్టే శక్తి) పెరుగుతుంది, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ (కాయిల్, కెపాసిటర్ జంట సహజంగా మోగే ఫ్రీక్వెన్సీ) తగ్గుతుంది. బయట ఇంకో కాయిల్ ఆనించి ఆ ఫ్రీక్వెన్సీ చదువుకోవచ్చు.

ఉద్యోగం మానేసి కాకినాడ వచ్చాక అమ్మ ఆవకాయ గాజు సీసా ఒకటి కాజేశాను. అగ్గిపెట్టెంత బోర్డు మీద దువ్వెన పళ్ళలా రాగి గీతలు, పైన కాప్టన్ టేపు (అదీ పాలీఇమైడే), పక్కన పన్నెండు చుట్ల కాయిల్. బయట నానోవీఎన్ఏ, అంటే ఫ్రీక్వెన్సీల్ని కొలిచి తెర మీద గీతగా చూపే చిన్న పరికరం. దాని కాయిల్ మూత మీద పెడితే ఏమీ లేదు. సీసా పక్కకి ఆనిస్తే తెర మీద గొయ్యిలాంటి గీత! రేకు మూత సిగ్నల్‌ని మింగేస్తోంది. అప్పుడు నవ్వొచ్చింది, తర్వాత దిగులేసింది. మా కోవార్ డబ్బాలదీ ఇదే గతి. గాజు, సిరామిక్ అయితేనే ఈ ఆట సాగుతుంది.

"సీసాకి అదేదో ఆనించి ఏం వింటున్నావే?" అంది అమ్మ.

"లోపల తడి ఉందేమోనని."

"ఎండలో పెట్టి తీస్తే పోదూ?"

ఆ రోజు ఆ ట్రే దగ్గర అమ్మ ఉండాల్సింది.

సిలికా జెల్ వేసి ఓ రాత్రి ఉంచితే 6.84 మెగాహెర్ట్జ్. తడి దూది పెడితే 6.78. అరవై కిలోహెర్ట్జ్ తేడా! గంతులేసినంత పనైంది. మర్నాడు సిలికా జెల్ ఉన్న సీసా మీద కిటికీ ఎండ పడింది, పదిహేను కిలోహెర్ట్జ్ దానంతటదే జరిగిపోయింది. తేమ కాదు, వేడి. లెక్క వేశాను. 25 డిగ్రీల దగ్గర 5,000 పీపీఎం అంటే సాపేక్ష తేమ 16 శాతమే. నా సెన్సర్‌లో దానికి దక్కేది సుమారు పది కిలోహెర్ట్జ్. అంటే ఏ హద్దు కోసం లాట్ మొత్తం పక్కన పెట్టామో, ఆ హద్దు మా కిటికీ ఎండకన్నా చిన్నది.

అందుకని ఇప్పుడు అదే సీసాలో రెండో బోర్డు పెడుతున్నాను. మైనంలో ముంచుతున్నా కాబట్టి దానికి వేడి తెలుస్తుంది, తేమ దాదాపు తెలియదు. మొదటిదాని మార్పులోంచి దీని మార్పు తీసేస్తే మిగిలేది తేమే. రెండింటి ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి లాగకుండా దాని కాయిల్‌కి రెండు చుట్లు తగ్గించాను. మైనంలో ముంచే ముందు బోర్డుని కేకుల ఓవెన్‌లో పెట్టాను. రాత్రంతా. మధ్యలో రెండుసార్లు లేచి చూశాను గానీ తీయలేదు.